పిల్లుల్ని వదిలెయ్యాలా, ప్యూరిఫయర్ కొనాలా?

ప్రశ్న: డాక్టరు గారూ, మాది నెల్లూరు వేదాయపాళెం. మొదటి అంతస్తులో రెండు బెడ్‌రూముల అద్దె ఇల్లు. టామీ అని ఒక నాటు కుక్క, రెండు పిల్లులు ఉన్నాయి. పిల్లుల్లో ఒకటి మగది. మా బాబుకి ఎనిమిదేళ్ళు. పోయిన కార్తీక మాసం నుంచి పొద్దున లేస్తూనే వరసగా తుమ్ములు, రాత్రిళ్ళు దగ్గు. మా అత్తమ్మకి ముందు నుంచీ ఆయాసం ఉంది, ఈమధ్య ఎక్కువైంది. రాత్రి అందరం ఏసీ గదిలోనే పడుకుంటాం, పిల్లులూ అక్కడే. దోమలకి భయపడి సాయంత్రం ఐదుకే తలుపులన్నీ వేసి కాయిల్ వెలిగిస్తాం. వాసన రాకుండా రోజుకి రెండుసార్లు నల్ల ఫినాయిల్‌తో తుడుస్తున్నాను. శుక్రవారం సాంబ్రాణి వేస్తాను, రూమ్ ఫ్రెషనర్ కొడతాను. అయినా ఇంటికి ఎవరొచ్చినా ముక్కు ఎగబీలుస్తున్నారు. ‘ఆ పిల్లుల్ని పెన్న ఒడ్డున వదిలేసి రా’ అని అత్తమ్మ ఒకటే పోరు. మా ఆయనేమో పదిహేను వేలు పెట్టి ఎయిర్ ప్యూరిఫయర్ కొందామంటున్నారు. ఎండాకాలం సెలవుల్లో కందుకూరు దగ్గర మా అమ్మగారి ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ బాబుకి ఒక్క తుమ్ము లేదు. అక్కడా కుక్క ఉంది, బర్రెలున్నాయి. నాకేమీ పాలుపోవడం లేదు.
– ఒక పాఠకురాలు, నెల్లూరు

సమాధానం: అమ్మా, ప్యూరిఫయర్ ఇప్పుడే కొనొద్దు. పిల్లుల్ని పెన్న ఒడ్డున అసలే వదలొద్దు. తిండీ నీళ్ళూ దొరకని చోట పెంపుడు జంతువుని వదిలెయ్యడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం. ఆ మాట అత్తగారితో మెల్లగా చెప్పండి. ఈ రెండిటికంటే ముందు చెయ్యాల్సిన పని మీ ఉత్తరంలోనే కనిపిస్తోంది. కాయిల్, ఫినాయిల్, సాంబ్రాణి, ఫ్రెషనర్. ఇంట్లో జంతువులు మూడు, వాటి వాసన కప్పడానికీ దోమల్ని తరమడానికీ మీరు గాల్లోకి వదులుతున్నవి నాలుగు. ఉబ్బసం ఉన్న మనిషికి ఈ నాలుగూ పడవు. వీటిని తీసేశాక మిగిలిందెంతో చూస్తేగానీ పిల్లి వాటా ఎంతో తేలదు.

నేను పశువైద్యుణ్ణి. బాబుకీ అత్తగారికీ మందు రాయడం నా పని కాదు, దాని సంగతి చివర్లో చెబుతాను. ఇల్లు, గాలి, జంతువులు, ఇంతవరకే నా మాట.

ముందు ఒక అపోహ. అందరూ బొచ్చుని అనుమానిస్తారు. సోఫా మీద వెంట్రుకలు కనిపిస్తాయి కాబట్టి నెపం వాటి మీద పడుతుంది. నిజానికి ఎలర్జీ తెచ్చేది వెంట్రుక కాదు, జంతువు ఎంగిల్లోనూ చర్మంలోనూ ఉండే కొన్ని ప్రొటీన్లు. పిల్లి రోజంతా ఒళ్ళు నాక్కుంటూ ఉంటుంది కదా, ఆ ఎంగిలి బొచ్చు మీద ఆరిపోయి, చర్మం పొట్టుతో కలిసి, కంటికి కనపడని నలుసులుగా గాల్లోకి లేస్తుంది. అందులో సన్నవి గంటల తరబడి కిందికి దిగవు. దిగినవి పరుపు, కర్టెన్లు, బాబు స్కూలు యూనిఫాం పట్టుకుని కూర్చుంటాయి. పిల్లి లేని ఇళ్ళలో కూడా ఇవి దొరుకుతాయి, బట్టల మీద ఎక్కి వెళ్ళిపోతాయి మరి. ‘బొచ్చు తక్కువ జాతి, ఎలర్జీ రాదు’ అని చెప్పి కుక్కపిల్లల్ని ఎక్కువ ధరకి అమ్మేవాళ్ళ మాట నమ్మకండి. అలాంటి జాతి ఇంట్లో ఎలర్జీ పదార్థం తక్కువుంటుందని పరీక్షల్లో తేలలేదు.

ఇక కందుకూరు సంగతి. ‘అక్కడా కుక్క ఉంది, అయినా బాబు బాగున్నాడు’ అన్నారు. మంచి గమనింపే. కానీ అక్కడ పిల్లి ఉందో లేదో రాయలేదు. ఆ కుక్క ఇంట్లోకి వస్తుందా, వాకిట్లోనే ఉంటుందా? పల్లెలో బాబు ఆరుబయట మంచం మీద దోమతెరలో పడుకుని ఉంటాడు. ఏసీ లేదు, మూసిన గది లేదు. పైగా అది ఎండాకాలం. మీ బాబుకి తుమ్ములు మొదలైంది కార్తీకంలో. మన జిల్లాకి అసలు వానలు అప్పుడే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు. గోడలు చెమ్మగిల్లుతాయి, బీరువా వెనక బూజు పడుతుంది, పరుపు ఎండకి వేసే వీలుండదు, తడిసిన కుక్క ఇంట్లోనే ఆరుతుంది. పరుపుల్లో ఉండే దుమ్ము పురుగులకి చెమ్మే ప్రాణం. కాబట్టి ఇది పిల్లి కావచ్చు, దుమ్ము పురుగు కావచ్చు, బూజు కావచ్చు, కాయిల్ పొగ కావచ్చు, అన్నీ కలిసి కూడా కావచ్చు. పిల్లులు మీ ఇంటికి ఏ నెలలో వచ్చాయో ఒకసారి గుర్తు చేసుకోండి. వాటికీ తుమ్ములకీ మధ్య ఏడాది తేడా ఉంటే ఒక లెక్క, నెల తేడా అయితే మరో లెక్క.

కాయిల్‌తో మొదలుపెడదాం. నెల్లూరులో ఉండి దోమల్ని ఓర్చుకోమని ఎవరైనా చెబితే వాళ్ళు మన ఊరివాళ్ళు కాదు. నేనలా చెప్పను. కానీ ఒక కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సన్నటి ధూళి 75 నుంచి 137 సిగరెట్లు కాల్చిన దానితో సమానమని 2003లో అచ్చయిన ఒక పరిశోధనలో లెక్క తేలింది. తలుపులు వేసిన గదిలో, ఆయాసం మనిషి పక్కన అది వెలిగించడం కంటే పిల్లి మేలు. కాయిల్ బదులు ఈమధ్య కర్పూరం మెషిన్లు, నీలగిరి తైలం డబ్బాలు ప్లగ్గుకి పెడుతున్నారు. అవి సహజమైనవి కదా అని నవ్వుతూ చెబుతారు గానీ, కర్పూరమూ నీలగిరి తైలమూ, టీ ట్రీ నూనె కూడా పిల్లులకి విషమే. బట్టల మధ్య పెట్టే కలరా ఉండలు కూడా అంతే, కుక్క ఒకటి మింగిందంటే రక్తకణాలు దెబ్బతింటాయి. బీరువాలో ఉంటే తాళం వేసి ఉంచండి.

దోమకి అసలు మందు జాలీ. అద్దె ఇల్లు కాబట్టి ఫ్రేములు బిగించడానికి ఓనరు ఒప్పుకోకపోవచ్చు. వెల్‌క్రో పట్టీతో అతికించే నెట్ చవకే, కానీ పిల్లి గోళ్ళకి నైలాన్ నెట్ ఎక్కువ కాలం ఆగదు. పిల్లులు ఎక్కే ఒకటి రెండు కిటికీలకైనా స్టీలు జాలీ వేయించండి, మొదటి అంతస్తు నుంచి కింద పడే భయమూ ఉండదు. మంచాలకి దోమతెరలు కట్టండి. జాలీ ఉంటే సాయంత్రం ఐదుకి తలుపులు మూసే అవసరం లేదు. మే నెల మధ్యాహ్నం పడమటి గాలి నిప్పులు చెరిగేటప్పుడు మూస్తే మూశారు, సాయంత్రం తూర్పు గాలి తిరిగాక మాత్రం ఎదురెదురు కిటికీలు తీసి పెట్టండి. తెల్లవారుజామున కూడా తీయండి. వంటింట్లో, బాత్రూమ్‌లో ఎగ్జాస్ట్ ఫ్యాన్లు ఉంటే అవి కూడా తిరగనివ్వండి. ఇంట్లో గాలి మారడానికి పైసా ఖర్చు లేని పని ఇదే.

ఇక్కడే ఏసీ గురించి ఒక మాట. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తెస్తుందని చాలామంది అనుకుంటారు. తేదు. గదిలో ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. అంటే నలుగురైదుగురి ఊపిరి, రెండు పిల్లుల పొట్టు, మిగిలిన కాయిల్ పొగ, తెల్లారేదాకా అదే గాలి. ఏసీ ముందు మూత ఎత్తి ఫిల్టర్ జాలీ బయటికి లాగి చూడండి. బొచ్చుతో కలిసిన బూడిద రంగు దుమ్ము పేరుకుని దుప్పటిలా ఊడొస్తుంది. దాన్ని పదిహేను రోజులకొకసారి కుళాయి కింద కడిగి, నీడన ఆరబెట్టి పెట్టండి. సర్వీసింగ్ వాడి కోసం ఆగొద్దు, చేతితో అయ్యే పనే.

ఇప్పుడు ఫినాయిల్. ఇది నాకు కొంచెం కోపం తెప్పించే విషయం. నల్ల ఫినాయిల్‌లో ఉండే ఫినాల్ జాతి రసాయనాల్ని పిల్లి కాలేయం సరిగా విరగ్గొట్టలేదు. మీరు తుడిచిన నేల మీద పిల్లి నడుస్తుంది, ఆ పాదాలు నాక్కుంటుంది. రోజుకి రెండుసార్లు. పైగా దానివల్ల వాసన పోదు, మన ముక్కుకి కప్పబడుతుంది అంతే. కింద ఉన్న ఉచ్చ వాసన పిల్లికి తెలుస్తూనే ఉంటుంది, మళ్ళీ అక్కడికే వస్తుంది. నేల తుడవడానికి మామూలు సబ్బు నీళ్ళు చాలు. ఇంకొకటి, పిల్లి ఉచ్చ పోసిన చోట బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీళ్ళు చచ్చినా వాడొద్దు. ఉచ్చలోని అమ్మోనియా, బ్లీచింగ్ కలిస్తే క్లోరమైన్ అనే విషవాయువు పుడుతుంది. అత్తగారి ఊపిరితిత్తులకి అది క్షణంలో ముప్పు. బాత్రూమ్ కడిగే యాసిడ్‌తో బ్లీచింగ్ కలపడం కూడా ఇంతే ప్రమాదం.

ఇంటికొచ్చిన వాళ్ళు ముక్కు ఎగబీలుస్తున్నారంటే నా అనుమానం మీ మగ పిల్లి మీదే. దానికి పిల్లలు కలగకుండా ఆపరేషన్ చేయించారో లేదో రాయలేదు. ఆపరేషన్ కాని మగ పిల్లి తోక ఎత్తి గోడల మీదికి, కర్టెన్ల మీదికి చిమ్ముతుంది. ఇది దొడ్డికీ ఉచ్చకీ పెట్టే ట్రే అలవాటు లేక చేసే పని కాదు, ‘ఈ చోటు నాది’ అని పెట్టే గుర్తు. ఆ వాసనకి ఏ ఫ్రెషనరూ ఆగదు. ఆపరేషన్ చేయిస్తే చాలా పిల్లుల్లో ఈ అలవాటు పోతుంది. ఎక్కడెక్కడ చిమ్మిందో కనిపెట్టడానికి చిన్న అల్ట్రావయొలెట్ టార్చి కొనుక్కోండి, ఆన్‌లైన్‌లో తక్కువ ధరకే దొరుకుతుంది. రాత్రి లైట్లన్నీ ఆపి, నేల నుంచి మోకాలెత్తు దాకా గోడ వెంబడి వెయ్యండి. ఎండిన ఉచ్చ మరకలు పసుపు పచ్చగా మెరుస్తాయి. సోఫా వెనక, బీరువా మూలన, కర్టెన్ అంచున చూడండి. కనిపించిన చోటల్లా చాక్‌పీసుతో గీత పెట్టుకుని, పొద్దున ఒకటికి రెండు పాళ్ళు నీళ్ళు కలిపిన వెనిగర్‌తో తుడవండి, లేదా జంతువుల దుకాణాల్లో దొరికే ఎంజైమ్ క్లీనర్ పోసి దానంతట అది ఆరనివ్వండి. తొందరపడి వేడినీళ్ళు పొయ్యకండి.

ట్రేల లెక్క ఎన్ని పిల్లులో అన్ని, పైన ఇంకొకటి. అంటే మీకు మూడు. మీకు చోటు తక్కువ, తెలుసు. కనీసం రెండు పెట్టి పొద్దునా సాయంత్రం వాటిలోది ఎత్తెయ్యండి. బాల్కనీలోనో, ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉన్న బాత్రూమ్‌లోనో ఉంచండి, పడగ్గదిలో వద్దు. ట్రేలో పోసే లిట్టర్ బదులు చవకని కొందరు మిల్లు ఊక తెచ్చి పోస్తారు. అది తేలిక, పిల్లి తవ్విన ప్రతిసారీ దుమ్ము రేగుతుంది. సువాసన కలిపిన లిట్టరూ వద్దు. దుమ్ము తక్కువని రాసున్న మామూలు రకం, లేదా చెక్క గుళికలు వాడండి.

టామీ సంగతి మర్చిపోయాననుకోకండి. కుక్క వాసన వస్తోందని స్నానాలు పెంచేస్తారు. ఆరోగ్యంగా ఉన్న నాటు కుక్క పెద్దగా వాసన రాదు. వస్తోందంటే ముందు దాని చెవి మడిచి ముక్కు దగ్గర పెట్టి చూడండి. పులిసిన వాసన, లోపల గోధుమరంగు జిడ్డు ఉంటే చెవిలో ఇన్‌ఫెక్షన్ ఉన్నట్టు. మన ఉక్కపోతకి ఇది మామూలే. పళ్ళ గార, తోక కింది గ్రంథులు, పొట్ట మడతల్లో చర్మం కూడా చూడాలి. దీనికి కావాల్సింది డాక్టరు, షాంపూ కాదు. ఎలర్జీ తగ్గాలని స్నానం చేయించినా ఆ ఫలితం కొద్దిరోజులకి మించి నిలవదు, ఎక్కువ కడిగితే చర్మం ఎండి పొట్టు ఇంకా రాలుతుంది. దువ్వడం మేలు. అది కూడా మేడ మీదికి తీసుకెళ్ళి, మీరో మీ ఆయనో దువ్వండి, బాబు చేత వద్దు. గోమార్లకి ఇంట్లో పొడి చల్లడం, పొలం మందు కలిపి కొట్టడం చేస్తుంటే ఆపెయ్యండి. కుక్క బరువుని బట్టి ఇచ్చే నమిలే మాత్రలున్నాయి, వాటితో గాల్లోకి ఏమీ రాదు. కుక్కల గోమార్ల మందు పిల్లికి మాత్రం పుయ్యొద్దు, పర్మెత్రిన్ ఉన్నదైతే ప్రాణం పోతుంది.

సాంబ్రాణి మీ శుక్రవారం ఆనవాయితీ. మానేయమనను. బాల్కనీలో వేసి దేవుడికి చూపించండి, పడగ్గదిలో తిప్పొద్దు. ఫ్రెషనర్ మాత్రం చెత్తబుట్టలో పడెయ్యండి, దానివల్ల ఎవరికీ ఒరిగేదేం లేదు.

అన్నిటికంటే ఎక్కువ తేడా తెచ్చేది పడగ్గది. మనిషి రోజులో ఏడెనిమిది గంటలు ముక్కు ఆనించేది ఆ దిండుకే. ఈ రాత్రి నుంచి అందులోకి కుక్కా పిల్లీ రాకూడదు. ‘రాత్రి ఒక్కటే బయట పెడతాం, పగలు ఫర్వాలేదు’ అంటే కుదరదు, పగలు పరుపు మీద పడుకుని వదిలిన పొట్టు రాత్రికి మీకే. మొదటి వారం పిల్లులు తలుపు గీకుతాయి, అరుస్తాయి. జాలిపడి ఒక్కసారి తీశారంటే అరిస్తే తీస్తారని నేర్చుకుంటాయి. హాల్లో ఎత్తుగా ఒక అటక, పాత దుప్పటి ఏర్పాటు చెయ్యండి, అక్కడ సర్దుకుంటాయి. దుప్పట్లు, దిండు గలీబులు వారానికొకసారి బాగా వేడి నీళ్ళలో, అరవై డిగ్రీల వేడిలో ఉతకండి. ఎండ ఉన్న రోజున పరుపు మేడ మీద వేసి, అక్కడే దులపండి. ఇంట్లో దులిపితే అంతా మళ్ళీ మీ మీదే పడుతుంది. దుమ్ము పురుగులు బయటికి రాకుండా జిప్పున్న పరుపు కవర్లు వస్తున్నాయి, బాబు పరుపుకి ఒకటి తొడగండి.

ఊడ్చేటప్పుడు ముందు ఫ్యాన్ ఆపండి. పొడి చీపురు దుమ్ముని సగం ఎత్తుతుంది, సగం ఎగరేస్తుంది. తడిగుడ్డతో తుడవడమే మంచిది. ఊడ్వక తప్పదంటే బాబు స్కూల్లో ఉన్నప్పుడు, అత్తగారు బాల్కనీలో ఉన్నప్పుడు ఊడ్వండి. ఫ్యాన్ రెక్కలు తుడవడానికి పాత దిండు గలీబు తడిపి రెక్కకి తొడిగి వెనక్కి లాగండి. మసి అంతా గలీబులోనే ఉండిపోతుంది, మంచం మీద రాలదు.

ఇవన్నీ ఒక నెల చేశాక కూడా అవసరమనిపిస్తే అప్పుడు ప్యూరిఫయర్ సంగతి చూడండి. అది పనికిరాని వస్తువని నేననను. అందులో ఉండే హెపా ఫిల్టర్ 0.3 మైక్రాన్ (మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు) నలుసుల్ని కూడా 99.97 శాతం పట్టుకుంటుంది, పిల్లి పొట్టూ పొగా దానికి చిక్కుతాయి. కానీ గాల్లో ఉన్నదాన్నే పడుతుంది, పరుపులో కూర్చున్నదాన్ని కాదు. ఉచ్చ వాసనకి మందమైన కార్బన్ ఫిల్టర్ ఉంటేనే ఉపయోగం. కొనేటప్పుడు షాపువాణ్ణి సీఏడీఆర్, అంటే గంటకి శుభ్రం చేసే గాలి, ఎన్ని ఘనమీటర్లు అని అడగండి. మీ పడగ్గది పది అడుగులకి పన్నెండు, ఎత్తు పది అనుకుందాం. అంటే 1,200 ఘనపుటడుగులు, సుమారు 34 ఘనమీటర్లు. గంటకి ఐదుసార్లు గాలి శుభ్రపడాలంటే సీఏడీఆర్ 170 ఉండాలి, 200 ఉంటే నిశ్చింత. ఇల్లంతటికీ ఒకటి సరిపోతుందన్న మాట నమ్మకండి. పడగ్గదిలో పెట్టి, తలుపు మూసి, గోడకి ఆనకుండా ఉంచండి. మార్చాల్సిన ఫిల్టర్ ధరెంతో కూడా అప్పుడే అడగండి, చాలా ఇళ్ళలో మెషిన్ ఉంటుంది, ఫిల్టర్ మాత్రం కొన్నప్పటిదే. ఓజోన్ వదిలే రకాలు ఉచితంగా ఇచ్చినా వద్దు. ఉబ్బసం ఉన్నవాళ్ళకి ఓజోనే ఒక చికాకు.

ఇక డాక్టరు దగ్గరికి. ఇది ఆ నెల గడిచాక కాదు, ఈ వారమే. బాబు రాత్రిళ్ళు దగ్గుతున్నాడంటే అది ఉత్త జలుబు కాకపోవచ్చు. చెస్ట్ డాక్టరుకి ఇద్దర్నీ చూపించి, ఎలర్జీ స్కిన్ ప్రిక్ టెస్టు గురించి అడగండి. చేతి మీద చుక్కలు వేసి చేస్తారు, ఇరవై నిమిషాల్లోపు తేలుతుంది. పిల్లా, కుక్కా, దుమ్ము పురుగా, బూజా అన్నది ఊహలతో కాక దాంతో తెలుస్తుంది. ఇన్‌హేలర్ రాస్తే ‘అలవాటైపోతుంది’ అని అత్తగారు వెనకాడతారేమో, అలాంటిదేం లేదని డాక్టరు చేతే చెప్పించండి.

రిపోర్టులో పిల్లి అని గట్టిగా తేలి, పడగ్గది మూసినా, మందులు సరిగా వాడుతున్నా ఆయాసం అదుపులోకి రాకపోతే, అప్పుడు నేను కూడా పిల్లులకి వేరే ఇల్లు చూడమనే చెబుతాను. నాకు పిల్లులంటే ఎంత ఇష్టమున్నా ఊపిరి ముందు. మీ అమ్మగారి ఊళ్ళో ఎలుకల బెడద ఉన్న ఇల్లు ఏదైనా సంతోషంగా తీసుకుంటుంది, ఆపరేషన్లు, టీకాలు చేయించి పంపండి. అయితే పంపిన వారానికే తుమ్ములు ఆగుతాయని చూడొద్దు. పిల్లి వెళ్ళినా ఇంట్లో దాని ఎలర్జీ పదార్థం తగ్గడానికి నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. ‘పంపేసినా ఏం తేడా లేదు’ అని మధ్యలో టామీ మీద పడకండి.

టెస్టుకి వెళ్ళే ముందు ఒక జాగ్రత్త. బాబుకి తుమ్ములకి సిట్రిజిన్ లాంటి మాత్రో సిరప్పో వేస్తుంటే టెస్టు ఫలితం తప్పు రావచ్చు, కొన్ని రోజుల ముందే ఆపాలి. ఎన్ని రోజులన్నది డాక్టరుకి ముందుగా ఫోన్ చేసి అడగండి. అత్తగారి ఇన్‌హేలర్ మాత్రం ఆ పేరుతో ఆపొద్దు.